యూదజ్ఞాని హిల్లేలు: తన బాధయే ధర్మమునకు కొలబద్ద

ధర్మశాస్త్రములు పెద్దవి, మనుష్యుని ఆయుష్షు చిన్నది. గ్రంథములన్నియు చదివి, అర్థములన్నియు విచారించి, ఆ పిమ్మట మంచి పని చేయుదమనుకొన్నవానికి మంచి పని చేయుటకు దినము మిగులదు. అట్లని గ్రంథములతో పని లేకయే ధర్మము తెలియునని పలుకువాడు తన ఇష్టమునకే ధర్మమని పేరు పెట్టుకొనును. ఈ రెండు అపాయముల నడుమ నడచుటకు సామాన్య గృహస్థునకు, విశేషించి దినమంతయు తూనికలతోను బాకీలతోను మెలగెడి వ్యాపారికి, చేత పట్టుకొనదగిన కొలబద్ద ఏదైన కలదా? ఈ ప్రశ్నకు ఇరువది శతాబ్దముల క్రిందట యెరూషలేము నగరమున ఒక పేద పండితుడు సమాధానము చెప్పెను. ఆయన పేరు హిల్లేలు. ఆయన చెప్పిన మాట అహింసాధర్మమునకు ఎంత సమీపమున నున్నదో, ఎచ్చట దానినుండి వేరగుచున్నదో తెలిసికొనుట శ్రావకులకు ఉపయోగకరము.

జీవితము, విద్య

హిల్లేలు బబులోను దేశమున జన్మించెను. క్రీ. పూ. 586 ప్రాంతమున యెరూషలేములోని మొదటి దేవాలయము నాశనమైనప్పుడు చెరపట్టబడి పోయిన యూదుల సంతతివారు ఆ దేశమున స్థిరపడి యుండిరి. హిల్లేలు విద్యాభిలాషచే అక్కడినుండి యెరూషలేమునకు వచ్చెను. ఆ కాలమున రోమకుల అండతో హేరోదు రాజు (క్రీ. పూ. 37–4) ఆ దేశమును పాలించుచుండెను. హిల్లేలు 120 సంవత్సరములు జీవించెననియు, అందు 40 ఏండ్లు బబులోనులోను, 40 ఏండ్లు విద్యార్థిగాను, 40 ఏండ్లు నాయకుడుగాను గడపెననియు యూదుల సంప్రదాయము చెప్పుచున్నది. ఇది మోషే ఆయుర్దాయముతో సరిపెట్టి చెప్పిన లెక్క కావచ్చును. క్రీస్తుశకారంభమునకు ముందు వెనుకల ఆయన యెరూషలేమున గొప్ప ఆచార్యుడుగా నుండెనని మాత్రము పండితులు ఒప్పుకొందురు. ఆయన కథలు చాలవరకు క్రీ. శ. 200 ప్రాంతమున కూర్చబడిన మిష్నాయందును, దానిపై పెరిగిన తల్ముదునందును నిలిచి యున్నవి.

యెరూషలేమున హిల్లేలు కూలి పని చేసి బ్రతికెను. దినమునకు వచ్చెడి కూలి దినారములో సగము. అందు సగము పాఠశాల ద్వారపాలకునికి ప్రవేశరుసుముగా ఇచ్చి, తక్కిన సగముతో ఇల్లు గడపుచుండెను. ఒక శుక్రవారము పని దొరకలేదు. రుసుము లేనిదే ద్వారపాలకుడు లోపలికి పోనీయలేదు. హిల్లేలు కప్పుపైకి ఎక్కి, వెలుతురు వచ్చు కంతకు చెవి ఆనించి, షెమయా, అవతల్యోను అను ఆచార్యుల పాఠము వినుచు అక్కడనే ఉండిపోయెను. అది చలికాలము. రాత్రి మంచు కురిసి ఆయనపై మూడు మూరల ఎత్తున పేరుకొనెను. తెల్లవారిన తరువాత గదిలో వెలుతురు తగ్గినదేమని ఆచార్యులు పైకి చూడగా మనుష్యుని ఆకారము కనబడెను. అది విశ్రాంతిదినము; ఆ దినమున నిప్పు రాజేయుట మొదలగు పనులు నిషిద్ధములు. అయినను వారు ఆయనను దింపి, స్నానము చేయించి, నూనె రాచి, మంటయొద్ద కూర్చుండబెట్టిరి. ఇట్టివాని కొరకు విశ్రాంతిదినమును దాటవచ్చునని వారు తీర్పు చెప్పిరి. నియమము ప్రాణమును కాపాడుటకే యున్నదన్న పాఠము హిల్లేలునకు ఆ విధముగా గురువుల చేతలలోనే దొరకెను. బీదతనముచేత చదువుకొనలేదని చెప్పువానిని, నీవు హిల్లేలుకంటె బీదవాడవా అని పరలోకమున అడుగుదురని తల్ముదు హెచ్చరించుచున్నది.

హిల్లేలునకు షెబ్నా అను సోదరుడు కలడు. అన్నదమ్ములలో ఒకరు చదువునందును, ఒకరు వ్యాపారమునందును కాలము గడపిరి. కొంత కాలమునకు షెబ్నా తన లాభములో భాగమిచ్చెదననియు, హిల్లేలు విద్యవలన కలిగిన పుణ్యములో తనకు భాగమీయవలెననియు కోరెను. ఈ బేరము చెల్లదని ఆకాశవాణి పలికినట్లు కథ. పండితుని పోషించుట మంచిదే; ముందుగా ఒడంబడిక చేసికొని విద్యను పోషించిన వ్యాపారికి పుణ్యభాగము కలదనియు యూదులు నమ్ముదురు. గడిచిన తరువాత డబ్బిచ్చి కొనుటకు మాత్రము వీలు లేదు. ఎవరి కర్మము వారిదే, ఒకరి నిర్జరను మరియొకరు కొనజాలరని చిన్ననాటినుండి వినుచుండు జైనులకు ఈ కథ కొత్తగా తోచదు. దేవాలయమునకు, పాఠశాలకు విరాళమిచ్చి చిట్టాలో పుణ్యము జమకట్టుకొన్నామనుకొను ధనికునకు మాత్రము ఇది చురుకైన మాట.

హిల్లేలు నాయకుడైన విధము కూడ చెప్పదగినది. ఒక సంవత్సరము పస్కా పండుగకు ముందటి దినము విశ్రాంతిదినముతో కలిసి వచ్చెను. ఆ దినమున పస్కా బలి ఈయవచ్చునా లేదా అని అప్పటి పెద్దలైన బెతేరా వంశస్థులకు తెలియలేదు. హిల్లేలు శాస్త్రవాక్యములను ఒకదానితో నొకటి పోల్చి, గురువుల సంప్రదాయమును జ్ఞాపకము చేసి, ఈయవచ్చునని నిరూపించెను. వెంటనే ఆ పెద్దలు తమ పీఠమునుండి లేచి ఆయనను అధ్యక్షుని చేసిరి. పీఠమెక్కిన హిల్లేలు, మీ సోమరితనము వలననే బబులోనునుండి వచ్చిన నేను మీకు బోధింపవలసి వచ్చెనని వారిని నిష్ఠురమాడెను. ఆ వెంటనే మరియొక చిన్న ప్రశ్న వచ్చెను. దానికి సమాధానము తాను పూర్వము విన్నదే యైనను ఆయనకు జ్ఞప్తికి రాలేదు. సామాన్యజనులు మరునాడు ఏమి చేయుదురో చూచి తెలిసికొందమని చెప్పి, వారి ఆచారమును చూచి నేర్చుకొనెను. గర్వించిన పండితుని జ్ఞానము అతనిని విడిచిపోవునని తల్ముదు ఈ కథనుండి తీసిన నీతి. ఓర్పునకు పేరుపొందిన మహనీయుని ఒక గర్వపు గడియను కూడ దాచక వ్రాసిపెట్టిన ఆ సంప్రదాయము మెచ్చదగినది.

ఒంటికాలిపై చెప్పిన ధర్మము

హిల్లేలు పేరు లోకమంతట తెలియుటకు కారణమైన కథ ఇది. అన్యదేశస్థుడొకడు షమ్మాయి అను ఆచార్యునికడకు పోయి, తాను ఒంటికాలిపై నిలిచియుండు కాలములో ధర్మశాస్త్రమంతయు నేర్పినచో యూదమతమున చేరెదననెను. షమ్మాయి కట్టడపు పనివాని మూరకోల చేత నుండగా దానితో అతనిని గెంటివేసెను. ఆ మనుష్యుడు హిల్లేలునొద్దకు పోయి అదే మాట యడిగెను. హిల్లేలు కోపింపలేదు. తనకు ఏది అప్రియమో దానిని తోటివానికి చేయకుండుటయే ధర్మశాస్త్రమంతయు ననియు, మిగిలినది దానికి వ్యాఖ్యానమనియు, ఇక పోయి ఆ వ్యాఖ్యానమును నేర్చుకొమ్మనియు చెప్పి అతనిని చేర్చుకొనెను.

ఈ భావము ఒక్క హిల్లేలుదే కాదు. చీనాదేశమున కన్ఫ్యూషియసు అంతకు ఐదు శతాబ్దముల ముందే ఇట్టి మాట చెప్పి యుండెను. తెలుగువారికి తిక్కన సోమయాజి భారతములోని పద్యము చిన్ననాటినుండి కంఠస్థము. జైనులకు ఆచారాంగసూత్రము, దశవైకాలికసూత్రము ఈ మాటనే బోధించును: ప్రతి జీవికి బ్రతుకు ప్రియము, చావు అప్రియము, కనుక ఏ జీవిని బాధింపరాదు. ఇంత మంది ఇన్ని దేశములలో చెప్పిన మాటకు కొత్తదనము లేకపోవచ్చును. హిల్లేలు ప్రత్యేకత రెండు చోట్ల కనబడును. ఆయన ఈ మాటను శాస్త్రమంతటికి తలవాకిటగా నిలిపెను. అంతటితో చాలునని చెప్పక, లోపలికి వచ్చి నేర్చుకొమ్మనెను.

లోపలికి వచ్చి నేర్చుకొనుట ఎందుకు? ఈ కొలబద్దకు ఒక లోపము కలదు. అందరికి ఒకటే అప్రియము కాదు. ఎండలో రెండామడలు నడచుటకు అలవాటుపడినవాడు, నాకు కష్టము లేదు గదా యని రోగిని నడిపించినచో అది ధర్మమగునా? మాటపడుటకు లెక్కచేయనివాడు, అభిమానవంతుని నలుగురిలో దూషింపవచ్చునా? తన నొప్పిని మాత్రమే కొలతగా పట్టుకొన్నవాడు తెలియకయే ఎదుటివానిని నొప్పించును. హిల్లేలు ఈ లోపమును ఎట్లు దాటెనో ఆయన నడతయే చెప్పును. ఉన్నతకుటుంబమునుండి దారిద్ర్యమునకు దిగిన యొకనికి ఆయన ఎక్కుటకు గుఱ్ఱమును, ముందు పరుగెత్తుటకు సేవకుని సమకూర్చెను. ఒకనాడు సేవకుడు దొరకలేదు. హిల్లేలు తానే మూడు మైళ్ల దూరము ఆ గుఱ్ఱము ముందు పరుగెత్తెను. కూలిచేసి బ్రతికిన హిల్లేలునకు గుఱ్ఱము లేకపోవుట బాధ కాదు. కాని దిగజారిన ఆ మనుష్యునికి అది నలుగురిలో తల వంచుకొను బాధ. తన నొప్పిని చూచి ఎదుటివానికి నొప్పి కలదని తెలిసికొనవలెను. అది ఎంతటిదో, ఎచ్చటిదో అతనిని చూచియే తెలిసికొనవలెను.

ఇచ్చటనే జైనధర్మము మరియొక అడుగు ముందుకు వేయును. హిల్లేలు మాటలో తోటివాడనగా మనుష్యుడు. ఆయన నాయకత్వము పస్కా బలిని గూర్చిన తీర్పుతోనే ఆరంభమైనదని పైన చెప్పబడినది. ప్రాణులను అనవసరముగా బాధింపరాదన్న నియమము యూదధర్మమున కూడ కలదు. అయినను బలికి వచ్చిన గొర్రెపిల్ల అభిప్రాయమును అడిగినవారు లేరు. క్రీ. శ. 70లో రోమకులు యెరూషలేము దేవాలయమును కూల్చిన తరువాత బలులు నిలిచిపోయి, వాని స్థానమున ప్రార్థన, అధ్యయనము, దానము నిలిచినవి. తీర్థంకరుల బోధ ఏకేంద్రియ జీవము మొదలు పంచేంద్రియ జీవమువరకు అన్నిటికి ఆ కొలబద్దను చాచినది. ఈ భేదము చిన్నది కాదు, దాచవలసినదియు కాదు. కాని ఈ కారణమున హిల్లేలును తక్కువచేయు శ్రావకుడు, చీమను చూచి అడుగు ప్రక్కకు వేసి, బాకీదారును చూచి కసరుకొనుచున్నాడేమో కూడ చూచుకొనవలెను. విశాలమైన కొలబద్ద కలవానికి మనుష్యుడు అందులోనుండి జారిపోరాదు.

హిల్లేలు ఓర్పును గూర్చి మరియొక కథ కలదు. ఆయనకు కోపము తెప్పించెదనని ఒకడు 400 జూజుల పందెము వేసెను. 200 జూజుల ఆస్తి కలవాడు పొలములలో పేదలకు విడిచిన పరిగె ఏరుకొనుటకు అర్హుడు కాడని మిష్నా నియమము. దానినిబట్టి పందెపు సొమ్ము ఎంత పెద్దదో ఊహింపవచ్చును. శుక్రవారము సాయంకాలము హిల్లేలు తల కడుగుకొనుచుండగా అతడు వాకిట నిలిచి కేకవేసి, బబులోనువారి తలలు గుండ్రముగా నుండుటకు కారణమేమని యడిగెను. హిల్లేలు వస్త్రము కప్పుకొని వచ్చి ఓపికతో బదులు చెప్పెను. అతడు పోయి, తిరిగి వచ్చి, మరియొక వెఱ్ఱి ప్రశ్న. మరల వచ్చి మూడవది. ప్రతిసారియు అదే ఓపిక. తుదకు అతడు తన 400 జూజులు పోయెనని మొరపెట్టుకొనగా, అతని సొమ్ము పోయినను సరే, హిల్లేలు మాత్రము కోపింపరాదని ఆయన బదులు చెప్పెను. దుకాణమున సరుకంతయు దింపించి ఏమియు కొనక పోవువానిని చూచి నవ్వుమొగముతో మరల రమ్మని చెప్పగల వ్యాపారికి ఈ క్షమ విలువ తెలియును.

అంగడిలో ధర్మము

హిల్లేలు చేసిన ఏర్పాటులలో ముఖ్యమైనవి డబ్బును గూర్చినవే. అందు మూడింటిని విచారింపవలసి యున్నది.

మొదటిది ఇంటి అమ్మకము. ప్రాకారము కల పట్టణములో ఇల్లమ్మినవాడు ఒక సంవత్సరములోపల సొమ్ము తిరిగి చెల్లించి ఇంటిని విడిపించుకొనవచ్చును. గడువు దాటినచో ఇల్లు కొన్నవానికి శాశ్వతమగునని లేవీయకాండము నియమము. కొందరు కొనుగోలుదార్లు గడువు చివరిదినమున కనబడకుండ దాగుకొనుచుండిరి. సొమ్ము చేతపట్టుకొని పాత యజమాని వీధులవెంట తిరిగినను పుచ్చుకొనువాడు లేడు. సూర్యాస్తమయమగుసరికి ఇల్లు పోయెను. నియమము అక్షరముగా నెరవేరినది, న్యాయము చచ్చినది. హిల్లేలు దీనికి విరుగుడు చేసెను. ఆ సొమ్మును దేవాలయపు గదిలో జమచేసి, అమ్మినవాడు తలుపు పగులగొట్టుకొని తన ఇంటిలో ప్రవేశింపవచ్చును. కొన్నవాడు ఇష్టమైనప్పుడు వచ్చి తన సొమ్ము తీసికొనిపోవచ్చును.

రెండవది చేబదులు. వడ్డీ తీసికొనుట యూదధర్మమున నిషిద్ధము. పొరుగింటి ఇల్లాలికి రొట్టె బదులిచ్చునప్పుడు దాని వెల నిర్ణయించి ఈయవలెనని హిల్లేలు చెప్పెను. గోధుమల ధర హెచ్చిన తరువాత రొట్టెకు రొట్టె తిరిగి పుచ్చుకొనినచో, ఇచ్చినదానికంటె ఎక్కువ పుచ్చుకొన్నట్లగును గదా! ఇరుగుపొరుగుల నడుమ ఇంత లెక్క అక్కరలేదని తక్కిన పండితులు తీర్పుచెప్పిరి. ఈ విషయమున హిల్లేలు మాట నెగ్గలేదు. కాని ఒక సంగతి స్పష్టమగుచున్నది. హిల్లేలు నియమములను ఎప్పుడును సడలించు మనుష్యుడని తలచుట పొరపాటు. ఇచ్చువాని లాభమును గూర్చినప్పుడు ఆయన అందరికంటె గట్టివాడు.

మూడవది అన్నిటికంటె పెద్దది, వివాదాస్పదమైనది. ప్రతి ఏడవ సంవత్సరాంతమున అప్పులన్నియు రద్దుకావలెనని ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయము విధించుచున్నది. బీదవాడు జీవితాంతము ఋణభారము మోయకుండుటకు ఇది యేర్పడెను. ఏడవ సంవత్సరము దగ్గరపడుచున్నదని బీదవానికి అప్పు నిరాకరింపరాదని కూడ అచ్చటనే హెచ్చరిక కలదు. కాని ధనికులు నిరాకరించిరి. గడువు సమీపించిన కొలది బీదరైతుకు విత్తనములకైనను అప్పు పుట్టలేదు. బీదవాని రక్షణకు కట్టిన గోడయే వాని వాకిలిని మూసివేసెను.

అప్పుడు హిల్లేలు ప్రొజ్బూలు అను ఏర్పాటు చేసెను. ఇది సభాసమక్షమున అను అర్థమునుండి వచ్చిన గ్రీకు పదము. ఋణదాత తన బాకీలన్నిటిని న్యాయస్థానమునకు అప్పగించుచున్నట్లు పత్రము వ్రాసి, న్యాయాధిపతులచేతగాని సాక్షులచేతగాని సంతకము చేయించును. వ్యక్తికి రావలసిన బాకీ ఏడవ సంవత్సరమున రద్దగునుగాని, న్యాయస్థానమునకు అప్పగింపబడిన పత్రము రద్దుకాదని పూర్వమే నియమము కలదు. ఆ ఆధారము మీదనే హిల్లేలు ఈ మార్గము కనుగొనెను. ధనికులు మరల అప్పులిచ్చుటకు జంకులేకపోయెను. ఆ కాలపు వ్యవహారమునకు సాక్ష్యము కూడ లభించినది. మృతసముద్రము సమీపమున మురబ్బాత్ లోయ గుహలలో 1950 తరువాతి త్రవ్వకములలో దొరకిన ఋణపత్రములలో ఒకటి నీరో చక్రవర్తి రెండవ ఏట, అనగా క్రీ. శ. 55–56లో వ్రాయబడినది. అది విశ్రాంతి సంవత్సరమైనను బాకీ తీర్చెదనని ఋణస్థుడు అందు ఒప్పుకొన్నాడు.

ఇది ధర్మమా, ధర్మమునకు కన్నము వేయుటయా? ఈ ప్రశ్న యూదపండితులకే తోచినది. క్రీ. శ. మూడవ శతాబ్దమున బబులోనులోని షెమూయేలు అను గొప్ప ఆచార్యుడు, తనకు అధికారముండినచో ప్రొజ్బూలును కొట్టివేసెదననెను. తరువాతి తరమువాడైన నహ్మాను దానిని ఇంకను బలపరచెదననెను. ఇద్దరును ధర్మాత్ములే. షెమూయేలు ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. దేవుడు ఒకసారి మాఫీ చేయుమన్న అప్పును, ధనికుని పిసినితనమునకు లొంగి నిలిపియుంచుట తప్పుచేసినవానికి బహుమానమిచ్చుట కాదా? నేడు ధనికుల భయమునకు ఒక నియమమును సడలించినచో రేపు మరియొకదానిని సడలింపుమని వారు కోరరా?

దీనికి సమాధానము ఆ ఏర్పాటు జరిగిన తీరులో వెదకవలెను. కాలము మారినదని చెప్పి నియమములను మార్చువారు ఎందరో కలరు. వారిలో పెక్కుమంది తమకు లాభమగు వైపునకే మార్చుదురు. ఆ మార్పు చీకటిలో జరుగును. హిల్లేలు అప్పులిచ్చు షావుకారు కాడు. ఆయనకు ఇందు దమ్మిడీ లాభము లేదు. ఆయన చేసిన పని న్యాయాధిపతుల ఎదుట, పత్రముపై, సంతకములతో జరుగవలసినది. నియమమును కొట్టివేయలేదు, పత్రము వ్రాయనివాని బాకీ యథాప్రకారము రద్దగును. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ నియమము ఎవరి కొరకు ఏర్పడెనో వాని స్థితిని చూచి ఆయన తీర్పు చేసెను. నియమము బీదవానిని కాపాడుటకు ఏర్పడెను. బీదవాడు దానివలన ఆకలితో నున్నాడు. ఇంటి గడువు విషయమున అమ్మినవానిని, రొట్టె విషయమున పుచ్చుకొన్నదానిని, అప్పు విషయమున అడుగువానిని, మూడుచోట్లను ఆయన బలహీనుని వైపు నిలిచి చూచెను. నియమమును మార్పదలచినవాడు తన్ను తాను అడుగవలసిన ప్రశ్నలు ఇవియే: ఇందు నాకు లాభమేమి? ఇది నలుగురియెదుట చేయగలనా? దీనివలన బలహీనునికి మేలా, కీడా?

అయినను లెక్క పూర్తిగా సరిపోదు. ప్రొజ్బూలువలన బీదవానికి అప్పు పుట్టినమాట నిజము. ఏడేండ్లకొకసారి రావలసిన విముక్తి పోయినమాటయు నిజము. తీర్చలేనివాని గతి యేమి? ఇచ్చట న్యాయస్థానపు పత్రము చేయగలిగినది ముగిసి, ఒంటికాలి పాఠము ఆరంభమగును. వసూలు చేయుటకు హక్కు కలదని పత్రము చెప్పును. వసూలు చేసి తీరవలెనని ఏ పత్రమును చెప్పదు. పంట పోయినవాని వాకిట నిలిచినప్పుడు, తాను అతని స్థానమున నుండిన ఏది అప్రియమగునో ఋణదాత తనలో తాను అడుగుకొనవలెను. జైనగృహస్థునకు ఇందులకు అణువ్రతములు తోడ్పడును. దొంగసరుకు కొనుట, తప్పుడు తూనికలు, కల్తీ అస్తేయవ్రతమునకు అతిచారములు; పరిగ్రహపరిమాణవ్రతము సంపదకు హద్దు గీయించును. హద్దు గీచుకొన్నవానికి ఆ పైన వచ్చునది తనది కాదు. అట్టివానికి తీర్చలేనివాని పత్రమును చింపివేయుటకు ఏడవ సంవత్సరము రావలసిన పని లేదు. హద్దు లేనివానికి ఏ ధర్మశాస్త్రమును చాలదు. దాగుకొనుటకు గడువుల చివరిదినములు ఎప్పుడును దొరకుచునే యుండును.

భిన్నాభిప్రాయము

హిల్లేలు, షమ్మాయి పేర్లతో రెండు వర్గములేర్పడి తరములపర్యంతము వాదించుకొనెను. షమ్మాయి కఠినుడని పేరుపొందినను, ప్రతి మనుష్యుని ప్రసన్నమైన ముఖముతో ఎదుర్కొనవలెనని బోధించినవాడు కూడ ఆయనయే. మూరకోలతో గెంటిన కథయొక్కటే చూచి ఆయనను తీర్పు తీర్చుట న్యాయము కాదు. మూడేండ్లు సాగిన వాదమునకు చివర, రెండు మాటలును సజీవుడైన దేవుని మాటలే యనియు, ఆచరణకు మాత్రము హిల్లేలు వర్గము మాటను గైకొనవలెననియు ఆకాశవాణి పలికినట్లు తల్ముదు చెప్పును. రెండును సత్యమైనప్పుడు ఒకదానిని ఎన్నుకొనుట ఎందుకు? హిల్లేలు వర్గమువారు సాధువులనియు, ఎదిరిపక్షము మాటను కూడ బోధించిరనియు, తమ మాటకంటె ముందు దానినే చెప్పుచుండిరనియు తల్ముదు కారణము చూపుచున్నది. వారు తమ అభిప్రాయమును మార్చుకొని షమ్మాయి వర్గపు మాటను స్వీకరించిన సందర్భములు కూడ మిష్నాయందు కలవు. శుద్ధిని గూర్చిన యొక వివాదమున ఈ ఇద్దరు మహాపండితుల మాటను ప్రక్కనబెట్టి, యెరూషలేము పెంటద్వారమున నివసించు ఇద్దరు సాలెవారి సాక్ష్యమును సభ గైకొనెను.

అనేకాంతవాదమును ఎరిగినవారికి ఈ సంగతులు తమ ఇంటి మాటలవలె నుండును. ఒక వస్తువును ఒక వైపునుండి చూచి అదియే సర్వమని పట్టుపట్టరాదని స్యాద్వాదము బోధించును. ఆ యూదులు దీనిని ఒక తర్కముగా రచింపలేదు, నడతలో చూపిరి. వివాహమునకు సంబంధించిన నియమములలోనే రెండు వర్గములకు తీవ్రమైన భేదములుండినను, ఒకరి పిల్లలను ఒకరు పెండ్లాడుట మానలేదని మిష్నా సాక్ష్యమిచ్చుచున్నది. దిగంబర, శ్వేతాంబర భేదములను, ఉపశాఖల భేదములను చెప్పుకొనుచు ఒక పంక్తికి చేరుటకు వెనుదీయువారు ఈ మాటను ఒకసారి ఆలోచింపవలెను. సిద్ధాంతము గ్రంథములలో నుండుటకంటె పెండ్లిపందిరిలో నుండుట కష్టము.

వారసత్వము

హిల్లేలు సంతతివారు కొంచెమించుమించు నాలుగు శతాబ్దములు యూదులకు నాయకులైరి. ఆయన మనుమడని సంప్రదాయము చెప్పెడి గమలీయేలు పేరు క్రైస్తవుల అపొస్తలుల కార్యములలో కూడ కలదు. మిష్నాను కూర్చిన యెహూదా ఆ వంశస్థుడే. దేవాలయము కూలినప్పుడు యవ్నే పట్టణమున విద్యాపీఠమును నిలిపి మతమును బ్రతికించిన యోహానాను బెన్ జక్కాయి ఆయన శిష్యకోటిలోనివాడని సంప్రదాయము. క్రీ. శ. అయిదవ శతాబ్దమున ఆ నాయకపదవి అంతరించినను బోధ అంతరింపలేదు. పస్కా రాత్రి పులియని రొట్టెతో చేదుకూరను కలిపి తినుచు యూదులు నేటికిని ఆయన పేరు తలచుకొందురు. గుంటూరు ప్రాంతమున చేబ్రోలు సమీపమందలి కొత్తరెడ్డిపాలెమున బెనె ఎఫ్రాయీము అను తెలుగు కుటుంబములు యూదాచారమును పాటించుచున్నవి. అమెరికాలో 1923లో ఇలినాయి విశ్వవిద్యాలయమున యూదవిద్యార్థుల కొరకు స్థాపించిన సంస్థకు ఆయన పేరే పెట్టిరి. 2021–22 విశ్రాంతి సంవత్సరమున కూడ ఆచారపరులైన యూదులు ప్రొజ్బూలు పత్రములు వ్రాసిరి. షెమూయేలు ప్రశ్నయు, నహ్మాను సమాధానమును ఇంకను సజీవములు.

ఆ రెండు వర్గములు రెండున్నర సంవత్సరములు వాదించిన ప్రశ్న మరియొకటి కలదు: మనుష్యుడు పుట్టుట మేలా, పుట్టకుండుట మేలా? తుదకు లెక్కించి చూడగా, పుట్టకుండుటయే మేలని తేలినది. పుట్టినాడు కనుక తన చేతలను పరిశీలించుకొనవలెనని వారు తీర్మానించిరి. జననమరణచక్రమునుండి విముక్తిని కోరెడి జైనునకు ఈ తీర్మానములో మొదటి సగము ఆశ్చర్యము కలిగింపదు; రెండవ సగము అతడు ప్రతిక్రమణమున చేయుచున్న పనియే. తాను కాకున్న తన కొరకు ఎవ్వరు, తన కొరకే అయినచో తానేమి, ఇప్పుడు కాకున్న ఎప్పుడు అను భావముతో హిల్లేలు మనుష్యుని హెచ్చరించెను. రాత్రి దుకాణము మూసి చిట్టా ఆవర్జాలు సరిచూచుకొను వ్యాపారికి మరియొక ఖాతా కూడ సరిచూచుకొనుటకు అదే సమయము. నేడు ఎవరికి తనకు అప్రియమైనది చేసితినో ఆ పేరు అందు వ్రాసికొని, తెల్లవారగానే పోయి ఆ బాకీ తీర్చుకొనవలెను. ఆ బాకీకి ఏడవ సంవత్సరమున మాఫీ లేదు. దానికి ప్రొజ్బూలు పత్రమును లేదు.